అమెరికాలో ఫ్లడ్ జోన్‌లోని ఇంటికి ఎలివేషన్ సర్టిఫికెట్ తీసుకోవడం ఎలా

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు లెండర్ పంపే కాగితాల్లో మీ ఇల్లు ప్రత్యేక వరద ప్రమాద ప్రాంతంలో ఉందని తేలితే, ఆ తరువాత కొద్ది రోజుల్లోనే ఇన్సూరెన్స్ ఏజెంటో, రియల్టరో, సిటీ పర్మిట్ కార్యాలయం వారో ఎలివేషన్ సర్టిఫికెట్ గురించి అడుగుతారు. ఇంటి నేల, గ్యారేజీ నేల, గోడను ఆనుకొని ఉన్న మట్టి, ఏసీ వంటి యంత్రాలు ఒక నిర్ణీత ప్రమాణం నుంచి ఎన్ని అడుగుల ఎత్తున ఉన్నాయో లైసెన్సు ఉన్న సర్వేయరు కొలిచి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చే ఫీమా (అమెరికా ప్రభుత్వపు విపత్తు నిర్వహణ సంస్థ) వారి ఫారం ఇది. రాష్ట్ర చట్టం అనుమతించిన చోట ఇంజనీరు గాని, ఆర్కిటెక్టు గాని కూడా దీన్ని ధ్రువీకరించవచ్చు. హ్యూస్టన్ చుట్టుపక్కల, న్యూజెర్సీలో, ఫ్లోరిడాలో ఇళ్లు కొన్న మనవాళ్లలో చాలామందికి ఈ కాగితంతో ఎప్పుడో ఒకప్పుడు పని పడుతుంది.

ఈ కాగితాన్ని చదివేవారు ముగ్గురు, ముగ్గురూ చూసే గడులు వేరు. పర్మిట్ ఇచ్చే సిటీ లేదా కౌంటీ అధికారి ఇంటి అత్యంత కింది నేల నిబంధన చెప్పిన ఎత్తులో ఉందా అని చూస్తారు. ఇన్సూరెన్స్ కంపెనీ ఆ నేల పక్కనున్న మట్టికన్నా ఎంత పైన ఉందో చూస్తుంది. ఇంటిని ఫ్లడ్ జోన్ నుంచి తప్పించమని మీరు ఫీమాకు దరఖాస్తు పెట్టుకుంటే, అక్కడివారు ఇంటి నేలను పక్కన పెట్టి, గోడను తాకుతున్న మట్టిలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటును చూస్తారు. కాబట్టి సర్వేయరుకు ఫోన్ చేసే ముందు ఈ సర్టిఫికెట్ ఎవరి కోసమో తేల్చుకోవాలి. అది తేల్చుకోకుండా డబ్బు ఖర్చు పెట్టినవారికి, చేతికి వచ్చిన కాగితం తప్పుల్లేకుండా ఉన్నా, అనుకున్న పని జరగకపోవచ్చు.

మొదట మ్యాపు చూడండి

ఫీమా మ్యాప్ సర్వీస్ సెంటర్ వెబ్‌సైటులో మీ చిరునామా ఇస్తే ఆ ప్రాంతపు ఫ్లడ్ మ్యాపు కనిపిస్తుంది. దానిలో మీకు కావలసిన ముక్కను ఫర్మెట్ అనే పేరుతో ఉచితంగా దించుకోవచ్చు. ‘ఏ’ లేదా ‘వీ’ అక్షరంతో మొదలయ్యే జోన్లన్నీ ప్రత్యేక వరద ప్రమాద ప్రాంతం కిందికి వస్తాయి. వీటిలో ‘వీ’, ‘వీఈ’ జోన్లు సముద్రపు అలల తాకిడి ఉండే తీర ప్రాంతాలు. ‘ఎక్స్’ జోన్ ఈ పరిధికి బయట ఉంటుంది. ప్రత్యేక ప్రమాద ప్రాంతమంటే ఏ ఏడాదిలోనైనా వరద వచ్చే అవకాశం కనీసం 1 శాతం ఉన్న చోటు. వందేళ్ల వరద అన్న పేరు విని వందేళ్లకు ఒకసారే వస్తుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే 30 ఏళ్ల లోను కాలానికి లెక్కగడితే ఆ అవకాశం దాదాపు 26 శాతం అవుతుంది. అలాంటి వరద వచ్చినప్పుడు నీళ్లు ఎంత ఎత్తుకు చేరతాయని ఫీమా అంచనా వేసిందో ఆ అంకెను బేస్ ఫ్లడ్ ఎలివేషన్, క్లుప్తంగా బీఎఫ్ఈ, అంటారు. ‘ఏఈ’ జోన్‌లో ఈ అంకె ఉంటుంది. వట్టి ‘ఏ’ జోన్‌లో సాధారణంగా ఉండదు కనుక అక్కడ సిటీ లేదా కౌంటీ వద్ద ఉన్న సమాచారం మీద ఆధారపడవలసి వస్తుంది. మ్యాపు మీద బీఎఫ్ఈని పూర్ణాంకానికి సవరించి ముద్రిస్తారు. దానికి జతగా ఉండే వరద అధ్యయన నివేదికలో నది పొడవునా నీటిమట్టాలు అడుగులో పదో వంతు వరకు దొరుకుతాయి కాబట్టి, అర అడుగు దగ్గర వ్యవహారం తేలేలా ఉంటే ఆ నివేదికనే చూడమని సర్వేయరుకు చెప్పాలి.

మ్యాపు చూసేటప్పుడు గీత మీ స్థలాన్ని తాకుతోందా, ఇంటినే తాకుతోందా అన్నది జాగ్రత్తగా గమనించండి. ఫెడరల్ హామీ ఉన్న లోనుకు వరద ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసే నిబంధన భవనానికి సంబంధించినది. పెరడు చివరన వాగు ఒడ్డు మాత్రమే జోన్‌లో ఉండి, ఇల్లు స్పష్టంగా బయట ఉంటే, లెండర్ తరఫున జోన్ నిర్ణయించిన సంస్థను మళ్లీ పరిశీలించమని రాతపూర్వకంగా అడగవచ్చు. అప్పటికీ వారు ఒప్పుకోకపోతే, మ్యాపు ప్రకారమే ఈ ఇల్లు బయట ఉందని ఫీమా నుంచి నిర్ణయం తెచ్చుకోవచ్చు. ఆ నిర్ణయానికి ఎత్తుల కొలతలతో పని లేదు కాబట్టి ఎలివేషన్ సర్టిఫికెట్ ఖర్చూ ఉండదు.

పాతది ఉందేమో వెతకండి

కొత్త సర్టిఫికెట్ చేయించే ముందు పాతది దొరుకుతుందేమో చూడాలి. ఫెడరల్ వరద ఇన్సూరెన్స్ పథకంలో చేరిన ప్రతి సిటీలోనూ, కౌంటీలోనూ ఫ్లడ్‌ప్లెయిన్ అడ్మినిస్ట్రేటర్ అనే అధికారి ఒకరు ఉంటారు. కమ్యూనిటీ రేటింగ్ సిస్టమ్ అనే పథకంలో చేరిన ఊళ్లు తమ వరద ప్రాంతంలో ఆ తరువాత కట్టిన భవనాల సర్టిఫికెట్లను దాచి ఉంచి, అడిగినవారికి ఇవ్వాలి. కొన్ని ఊళ్లు వీటిని ఆన్‌లైన్‌లోనే పెట్టాయి. ఈ పథకంలో ఊరికి వచ్చిన తరగతిని బట్టి అక్కడివారి వరద ఇన్సూరెన్స్ ప్రీమియంలో 5 నుంచి 45 శాతం వరకు తగ్గింపు కూడా ఉంటుంది. ఇంటిని అమ్మేవారిని, కట్టిన బిల్డరును, పాత ఇన్సూరెన్స్ ఏజెంటును కూడా అడగండి. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు నుంచి ఇల్లు అమ్మేవారు వరద వివరాలను మరింత విపులంగా వెల్లడించాలన్న నియమం అమలులో ఉంది కనుక, ఆ వెల్లడింపు పత్రంలో ఫ్లడ్ జోన్ గురించి ‘అవును’ అని రాసి ఉంటే సర్టిఫికెట్ ఉందా అని అడగడానికి అదే సందు.

పాత సర్టిఫికెట్ దొరికితే మూడు విషయాలు చూడండి. అది కట్టడం పూర్తయిన తరువాత తీసుకున్నదేనా అన్నది మొదటిది, ఎందుకంటే ఫారంలో కొలతలు నిర్మాణ నక్షాల నుంచి తీసుకున్నవా, నిర్మాణంలో ఉన్న భవనానివా, పూర్తయిన భవనానివా అని చెప్పే గడి ఉంటుంది. చివరిది టిక్ చేసి లేకపోతే ఆ కాగితం మీకు పెద్దగా పనికిరాదు. తరువాత, అప్పటినుంచి ఇంటికి గదులు కలపడం, గ్యారేజీని గదిగా మార్చడం వంటివి జరిగాయా అని చూడండి. మూడవది డేటమ్, అంటే ఎత్తులను ఎక్కడి నుంచి లెక్కించారో చెప్పే ప్రమాణం. పాత కాగితాల్లో ఎన్‌జీవీడీ 29 అని, కొత్త వాటిలో నావ్‌డీ 88 అని ఉంటుంది. ఈ రెండింటి మధ్య తేడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది, దక్షిణ ఫ్లోరిడాలోనైతే అది దాదాపు అడుగున్నర. బీఎఫ్ఈ ఒక ప్రమాణంలో, ఇంటి ఎత్తు మరో ప్రమాణంలో ఉంటే ఆ రెండు అంకెలనూ పోల్చడానికే లేదు. హ్యూస్టన్‌లో ఇది ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. దశాబ్దాలుగా భూగర్భజలం తోడడం వల్ల అక్కడి నేల కుంగింది. కొలతకు ఆధారమైన గుర్తులు కూడా దానితోపాటే దిగాయి కాబట్టి హ్యారిస్ కౌంటీ వాటి ఎత్తులను సవరించింది. అక్కడి కాగితాల్లో నావ్‌డీ 88 పక్కన 2001 సవరణ అని రాసి ఉండడానికి కారణం అదే.

సర్వేయరును మాట్లాడుకోవడం

ఆయా రాష్ట్రాల లైసెన్సింగ్ బోర్డు వెబ్‌సైటులో సర్వేయరు పేరు వెతికి, లైసెన్సు అమలులో ఉందని నిర్ధారించుకోండి. టెక్సస్‌లో ఈ పని టెక్సస్ బోర్డ్ ఆఫ్ ప్రొఫెషనల్ ఇంజనీర్స్ అండ్ ల్యాండ్ సర్వేయర్స్ చూస్తుంది. మామూలు ఇంటికి రుసుము కొన్ని వందల డాలర్లు ఉంటుంది. పెద్ద స్థలమైనా, దగ్గరలో ఎత్తు గుర్తు లేకపోయినా, ఇంటి కింద పాకుతూ వెళ్లవలసిన ఖాళీ చోటు ఉన్నా అది వెయ్యి దాటవచ్చు. ఇల్లు కొనేటప్పుడు టైటిల్ కంపెనీ (ఇంటి యాజమాన్య హక్కును పరిశీలించే సంస్థ) కోసం హద్దుల సర్వే ఎలాగూ చేయిస్తుంటే, రెండు పనులూ ఒకరికే, ఒకే రాకలో ఇస్తే ఖర్చు తగ్గుతుంది. క్లోజింగ్, అంటే కొనుగోలు పూర్తి, అయిన నెలకు గుర్తొచ్చి మళ్లీ పిలిచేవారే ఎక్కువ.

మీ అవసరాన్ని ఆయనకు ఒక ఈమెయిల్‌లో స్పష్టంగా రాయండి. ఫీమా ప్రస్తుత ఫారం మీదే ఇవ్వాలని, బీఎఫ్ఈ ఏ డేటమ్‌లో ఉందో కొలతలూ అందులోనే ఉండాలని, ఇంటి ముందు, వెనక ఫొటోలతో పాటు వీలైతే నాలుగు వైపులవీ జత చేయాలని చెప్పండి. ఫ్లడ్ జోన్ నుంచి ఇంటిని తప్పించే దరఖాస్తు కూడా మీ ఆలోచనలో ఉంటే, ఈలోమా అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఆయనే దాఖలు చేయగలరా, దానికి విడిగా ఎంత తీసుకుంటారు అని అడగండి. అలవాటున్న సర్వేయరు అయితే కొలతలు పూర్తిచేసి కాగితం రాసే ముందే ఫోన్ చేసి, అంకె మీకు అనుకూలంగా ఉందో లేదో చెబుతారు.

ఆయన వచ్చే రోజు పెరటి గేటు, గ్యారేజీ, ఇంటి కింది ఖాళీలోకి వెళ్లే తలుపు తెరచి ఉంచాలి. గోడ పక్కన మల్చ్, ఎండుటాకులు పేరుకుని ఉంటే తీసివేయించండి. కాని ఆ పేరుతో కొత్తగా మట్టి పోయించి ఎత్తు పెంచే ప్రయత్నం మాత్రం చేయకండి. నింపిన మట్టి వల్ల ఎత్తు పెరిగిన స్థలానికి ఫీమా వేరే దారి పెట్టింది, అందులో రుసుము ఉంటుంది, ఊరి అధికారుల అంగీకార పత్రమూ కావాలి. పర్మిట్ లేకుండా వరద ప్రాంతంలో మట్టి నింపడమే ఒక ఉల్లంఘన.

ఏ గడిలో ఏముంటుంది

ఫారంలో మీరు తప్పక చదవవలసింది ‘సీ’ భాగం. సర్వే ద్వారా తీసిన ఎత్తులు అందులోనే ఉంటాయి: కింది అంతస్తు నేల, దాని పై అంతస్తు నేల, ఇంటికి కలిసి ఉన్న గ్యారేజీ నేల, ఇంటికి పనిచేసే యంత్రాల్లో అన్నిటికన్నా కింద ఉన్నది, గోడను ఆనుకున్న మట్టిలో అత్యంత పల్లమైన చోటు, అత్యంత మెరకైన చోటు, డెక్ లేదా మెట్లు ఆనుకున్న పల్లం. ‘ఏ’ భాగంలో భవనపు నమూనా సంఖ్య ఒకటి వేస్తారు. నేల మీదనే పోసిన కాంక్రీటు పలకకు 1ఏ, చుట్టూ పునాది గోడ కట్టి ఎత్తు చేసిన పలకకు 1బీ, ఇంటి కింద పాకుతూ వెళ్లే ఖాళీ ఉంటే 8 అన్నట్టు ఇవి సాగుతాయి. ఈ సంఖ్య తప్పు పడితే మిగిలిన అంకెలన్నీ సరిగ్గా ఉన్నా ప్రీమియం లెక్క తప్పుతుంది. నాలుగు వైపులా బయటి మట్టికన్నా కిందికి దిగిన నేల ఏదైనా ఉంటే ఫీమా దాన్ని బేస్‌మెంట్‌గానే పరిగణిస్తుంది. ఒక్క మెట్టు దించి కట్టిన హాలు కూడా అలా దిగితే ఈ లెక్కలోకే వస్తుంది.

ఇంటి కింద ఖాళీ గాని, నేల మట్టంలో మూసిన గది గాని ఉంటే నీళ్లు అటూ ఇటూ పారే కిటికీల వివరాలు ‘ఏ’ భాగంలోనే నింపాలి. లెక్క తేలిక. మూసిన చోటు ఎన్ని చదరపు అడుగులు ఉంటే అన్ని చదరపు అంగుళాల తెరుపు, కనీసం రెండు కిటికీలుగా, వాటి అడుగు అంచు మట్టికి ఒక అడుగుకు మించని ఎత్తులో ఉండాలి. 1,200 చదరపు అడుగుల ఖాళీకి 1,200 చదరపు అంగుళాలు కావాలి. ప్రత్యేకంగా ఇంజనీరు ధ్రువీకరించిన కిటికీలైతే తక్కువ సంఖ్యలో సరిపోతాయి కాని, ఆ ధ్రువపత్రం జతపరచాలి.

ఒక ఉదాహరణతో ఈ అంకెల తీరు చూద్దాం. బీఎఫ్ఈ 82.0 అడుగులు, ఇంటి నేల 83.1, గ్యారేజీ 82.6, పల్లమైన మట్టి 81.7 అనుకుందాం. ఇంటి నేల వరద మట్టంకన్నా అడుగు పైన ఉంది కనుక ఇల్లు జోన్ నుంచి బయటపడుతుందని యజమాని ధీమాగా ఉంటారు. ఫీమా ఒప్పుకోదు. వెనక గోడ మూలన మట్టి 0.3 అడుగు తక్కువగా ఉండటమే కారణం. అదే ఇంటికి ఆ మట్టి 82.0 ఉంటే దరఖాస్తు గట్టెక్కుతుంది. మొదటి సందర్భంలోనూ ఆ కాగితం వృథా కాదు, ఎందుకంటే మట్టికన్నా నేల 1.4 అడుగుల ఎత్తున ఉందన్న సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి పనికివస్తుంది.

ప్రీమియం కోసమైతే

2021 అక్టోబరు 1 నుంచి కొత్త పాలసీలకు, 2022 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ అయ్యే పాలసీలకు ఫీమా రిస్క్ రేటింగ్ 2.0 అనే కొత్త లెక్కను అమలు చేసింది. అంతకుముందు వరద ప్రాంతంలోని చాలా ఇళ్లకు సర్టిఫికెట్ లేనిదే ప్రీమియం తేలేది కాదు. ఇప్పుడు ఇన్సూరెన్స్ కోసం అది ఐచ్ఛికం మాత్రమే. మీరు ఇవ్వకపోతే ఫీమా తన వద్దనున్న సమాచారంతో ఇంటి నేల ఎత్తును అంచనా వేసుకుంటుంది. ఇస్తే ఆ రెండింటిలో మీకు లాభమైనదాన్నే వాడుతుంది. అంటే సర్టిఫికెట్ ఇచ్చినందువల్ల ప్రీమియం పెరగదు. పాత సలహాలు విని ఇప్పటికీ ఏజెంట్లు ముందుగా సర్టిఫికెట్ తెమ్మని అడుగుతుంటే, దాని అవసరం ఏమిటో వివరంగా చెప్పమనండి.

నా సలహా ఏమిటంటే, ముందు సర్టిఫికెట్ లేకుండానే కోట్ తీసుకోండి. పాలసీ డిక్లరేషన్ పేజీలో ఫస్ట్ ఫ్లోర్ హైట్ అని ఒక అంకె, దాన్ని ఫీమా నిర్ణయించిందా, సర్టిఫికెట్ నుంచి తీసుకున్నారా అన్న మాట ఉంటాయి. ఒక టేపు పట్టుకుని బయటికి వెళ్లి గుమ్మం దగ్గర నేల మట్టికన్నా ఎంత ఎత్తున ఉందో చూడండి. ఫీమా అంకె మీ కొలతకు దగ్గరగానో, దానికన్నా ఎక్కువగానో ఉంటే సర్వేయరుకు డబ్బు ఇవ్వడం వల్ల లాభం లేదు. ఫీమా అర అడుగని అనుకుంటూ ఉండగా మీ ఇల్లు మూడడుగుల ఎత్తున ఉంటే మాత్రం సర్టిఫికెట్ తన ఖర్చును తానే రాబట్టుకునే అవకాశం బాగా ఉంది. ఇంకో వెసులుబాటు చాలామందికి తెలియదు. ప్రస్తుత ఫారంలోని ‘హెచ్’ భాగాన్ని సర్వే లేకుండా ఇంటి యజమానే కొలిచి నింపి, ‘ఏ’, ‘బీ’ భాగాలు కూడా పూర్తిచేసి, ‘ఐ’ భాగంలో సంతకం చేసి ఇన్సూరెన్స్‌కు ఇవ్వవచ్చు. అది ఇన్సూరెన్స్‌కే పనికివస్తుంది, పర్మిటుకు గాని జోన్ మార్పుకు గాని చెల్లదు.

ఫ్లడ్ జోన్ నుంచి తప్పించుకోవడానికైతే

ఇల్లు సహజంగానే మెరక మీద ఉండి, మ్యాపు గీత మాత్రం దాన్ని పొరపాటున కలుపుకున్నట్టు అనిపిస్తే లెటర్ ఆఫ్ మ్యాప్ అమెండ్‌మెంట్, వాడుకలో లోమా, కోసం దరఖాస్తు చేయవచ్చు. దీనికి ఫీమా రుసుము తీసుకోదు. ఒక్క ఇంటికి ఎంటీ-ఈజెడ్ అనే ఫారం సరిపోతుంది. దానితో పాటు రిజిస్టరైన ప్లాట్ మ్యాపు లేదా డీడ్, ఫ్లడ్ మ్యాపు నకలు, సర్వేయరు ధ్రువీకరించిన ఎత్తులు, అంటే మీ ఎలివేషన్ సర్టిఫికెట్, పెట్టాలి. కావలసిన సమాచారమంతా అందిన తరువాత ఫీమా సాధారణంగా 60 రోజుల లోపు నిర్ణయం చెబుతుంది. ఈలోమా ద్వారా సర్వేయరు దాఖలు చేస్తే ఇంకా త్వరగా తేలవచ్చు. పంపే ముందు డెక్ కాళ్లు, గ్యారేజీ అంచు, మెట్లు ఆనుకున్న మట్టి కూడా బీఎఫ్ఈకి తక్కువ లేకుండా ఉందా అని మళ్లీ చూసుకోండి. దరఖాస్తులు తిరిగి రావడానికి ఇలాంటి చిన్న మూలలే కారణమవుతాయి.

లోమా చేతికి వచ్చినా ఇన్సూరెన్స్ వద్దనడం లెండర్ ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది. లేఖ నకలు పంపి, తప్పనిసరి నిబంధనను తొలగిస్తున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. అది వచ్చాక పాలసీ రద్దు చేసుకునే సంగతీ, క్లెయిమ్ చేయని సంవత్సరానికి ప్రీమియం వాపసు సంగతీ ఏజెంటుతో మాట్లాడవచ్చు. రద్దు చేసుకునే ముందు మాత్రం ఒక్కసారి ఆలోచించండి. 2017 ఆగస్టులో హార్వీ తుపానుకు హ్యారిస్ కౌంటీలో మునిగిన ఇళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ వందేళ్ల వరద ప్రాంతానికి బయట ఉన్నవే. రద్దు చేసి మళ్లీ కొనాలంటే మామూలుగా 30 రోజులు ఆగితే గాని పాలసీ అమలులోకి రాదు, తుపాను పేరు టీవీలో వినిపించాక కొనడానికి అది చాలదు. జోన్ నుంచి బయటపడ్డాక కూడా పాలసీ ఉంచుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

కొత్తగా కట్టుకుంటుంటే

కట్టేవారికి ఇది ఐచ్ఛికం కాదు. పర్మిటు ముగించి నివాసయోగ్యత పత్రం ఇవ్వడానికి ఊరి అధికారులు పూర్తయిన భవనపు సర్టిఫికెట్ అడుగుతారు. వరద మట్టానికి పైన ఇంకెంత ఎత్తు ఉండాలో ప్రతి ఊరూ తన నిబంధన పెట్టుకోవచ్చు. హ్యూస్టన్ నగరంలో 2018 సెప్టెంబరు 1 నుంచి వరద ప్రాంతంలోని కొత్త ఇళ్ల నేల ఐదువందల ఏళ్ల వరద (ఏ ఏడాదిలోనైనా వచ్చే అవకాశం 0.2 శాతం ఉన్నది) మట్టానికి రెండడుగుల పైన ఉండాలి. అందువల్ల కాంక్రీటు పోయడానికి ముందే, చట్రం కట్టిన దశలో ఒకసారి ఎత్తు కొలిపించండి. అప్పుడు తక్కువైతే చట్రం పెంచడం ఒక పూట పని, పోసిన తరువాత తెలిస్తే ఇంటినే పైకి లేపవలసి రావచ్చు. ఏసీ యూనిట్ దిమ్మె, వాటర్ హీటర్ ఎత్తు కూడా ఆ దశలోనే నిర్ణయించుకోవాలి. పాత ఇంటికి మరమ్మతో, విస్తరణో చేస్తున్నప్పుడు ఖర్చు భవనపు మార్కెట్ విలువలో సగానికి చేరితే, మొత్తం ఇల్లు కొత్త ఇళ్ల ఎత్తు నిబంధనకు లోబడాలి. వంటగది, బాత్రూములు, పైకప్పు అన్నీ ఒకేసారి మార్చాలనుకునేవారు ఈ లెక్క ముందే వేసుకోవడం మంచిది.

సర్టిఫికెట్ వచ్చాక ఒక నకలు ఫ్లడ్‌ప్లెయిన్ అడ్మినిస్ట్రేటర్‌కు, ఒకటి ఏజెంటుకు ఇచ్చి, అసలుదాన్ని ఇంటి డీడ్‌తో కలిపి ఉంచండి. ఫారం పైన ముద్రించి ఉండే గడువు తేదీ ఫీమా ఆ ఫారం నమూనాను వాడే కాలానికి సంబంధించినది. అది మీ కొలతలకు వర్తించదు, కాబట్టి గడువు తీరిందని ఎవరైనా కొత్తది తెమ్మంటే, ఇంటికి మార్పులు చేయనంతవరకు పాతదే చెల్లుతుందని చెప్పవచ్చు.